కీళ్లవాతం చేతులతోని పని ఎట్ల చేసుకోవాలె, చేతి ఆపరేషన్ అయినంక ఎట్ల కోలుకోవాలె

చదివే ముందు ఒక్క పని చెయ్యండి. రెండు చేతులు ముందుకు చాపి, అరచేతులు నేల దిక్కు పెట్టి, వేళ్లన్నీ నిటారుగ చాపండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు మిగతా వేళ్లతోని సమానంగ నిలబడుతున్నయా, లేకుంటే కణుపు దగ్గర నుంచి కిందికి వాలిపోతున్నయా చూడండి. ఇంకో చెయ్యితో లేపితే లేస్తది గానీ దానంతట అది లేస్తలేదు అంటే, నొప్పి ఉన్నా లేకున్నా సరే, ఇది ఇక్కడ ఆపి ఈ వారంలనే డాక్టర్ దగ్గరికి పోండి. మిగతాది వచ్చినంక చదువుకోవచ్చు.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్న అంటే నేను అట్ల పోలేదు కాబట్టి. హన్మకొండల జాకెట్లు కుడత నేను, 19 ఏండ్ల సంది ఇదే పని, అందుల 11 ఏండ్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ కీళ్లవాతంతోనే. దసరా ముందట ఒకరోజు జాకెట్ చేతులు తిరగేస్తుంటే చిటికెన వేలు లైనింగ్‌ల చిక్కుకుంది. తీసి చూస్తే ముడుచుకొనే ఉంది, చాపుదామంటే రాదు, ఎడమ చెయ్యితో లేపితే లేస్తది, వదిలేస్తే మళ్ల పడిపోతది. నొప్పి మాత్రం అసలే లేదు. రోజూ నొప్పితోనే లేచే మనిషిని కదా, నొప్పి లేదంటే ఏం కాలేదులే అనుకున్న, మీద 60 జాకెట్లు ఉన్నయి, బతుకమ్మ దగ్గరికొచ్చింది. మూడు వారాలకు ఉంగరపు వేలు కూడ పడిపోయింది.

జరిగింది ఏందంటే, వేలిని లేపే టెండన్ తెగింది. మనం దాన్ని నరం అంటం గానీ నరం వేరే ఇది వేరే, కండను ఎముకకు కట్టే తాడు లాంటిది. వాతం ముదిరినప్పుడు మణికట్టు వెనక చిటికెన వేలు దిక్కు ఎముక పైకి పొడుచుకొస్తది, చుట్టూ వాపు ఉంటది, ఆ ఎముక మీద టెండన్ రాసుకొని రాసుకొని, రాయి మీద చేంతాడు అరిగినట్టు అరిగి ఒకనాడు పుటుక్కున తెగుతది. చిటికెన వేలుతోని మొదలై పక్క వేళ్లకు పోతది. ఒక్క వేలప్పుడే వస్తే ఆపరేషన్ చిన్నగుండేదమ్మా అని సర్జన్ గారు అన్నరు, ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తది. కాబట్టి ఈ రోగంల నొప్పి ఒక్కదాన్నే కొలతగ పెట్టుకోవద్దు, కింద చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతది.

ముందుగాల రోగం పేరు తేల్చుకోండి

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కాదు. వయసు మీద పడి మోకాళ్లు అరిగేది వేరే, ఇది వేరే. పొద్దుగాల లేవంగనే వేళ్లు బిగుసుకుపోయి గంట దాక సడలకపోవుడు, రెండు చేతులకూ ఒక్క తీరుగ వాపు, వేళ్ల మొదట్ల ఉన్న కణుపులు, నడిమి కణుపులు ఉబ్బుడు, ఆరు వారాలు దాటినా తగ్గకపోవుడు, ఇవి ఉంటే రుమటాలజిస్ట్‌కు చూపెట్టుకోవాలె. ఎముకల డాక్టర్ ఆపరేషన్ చేస్తరు, కట్టు కడ్తరు, కానీ ఈ రోగానికి మందు నడిపించేది రుమటాలజిస్టే. మన ఒంట్లో రోగాలతోని కొట్లాడే శక్తి దారి తప్పి మన కీళ్ల మీదికే పోతది, రోగం అదే. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్పీ అని రక్త పరీక్షలు రాస్తరు, ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చినా రోగం ఉండొచ్చు కాబట్టి కాయితం చూసి మీరే తీర్పు చెప్పుకోకండి.

నేను మొదటి రెండేండ్లు ఇంటికాడ సూది వేసే ఆయన దగ్గరికి పోయిన. సూది, పేరు లేని పొట్లంల నాలుగు గోళీలు. రెండు రోజులల్ల చేతులు పూల లెక్క అయ్యేటివి, దేవుడనుకున్న ఆయన్ని. అందుల స్టెరాయిడ్ ఉందని తర్వాత రుమటాలజిస్ట్ చెప్తే తెలిసింది, మొఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది, లోపల కీళ్లు తినుకుంట పోతనే ఉన్నయి, నొప్పి తెలవకపాయె అంతే. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, డాక్టర్లు కూడ ఇస్తరు, తక్కువ మోతాదుల, లెక్కతోని, మెల్లగ తగ్గించుకుంట. పేరు రాయని పొట్లం మాత్రం ఎవరిచ్చినా నోట్ల వేసుకోకండి, చెట్ల మందు అన్నా సరే. ఇప్పటికే అట్లాంటివి చాన రోజుల సంది వాడుతుంటే ఒక్కసారే బంద్ చెయ్యొద్దు, అది ఇంకా ప్రమాదం, డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆయన చెప్పినట్టు తగ్గించుకోండి.

హైదరాబాద్ పంజాగుట్ట నిమ్స్‌ల రుమటాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది. ఆడోళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ కాబట్టి ఆధార్ కార్డు పట్టుకొని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్ నుంచి పోవుడు రావుడు ఖర్చు లేదు. బస్సుల నిలబడాల్సి వస్తే పైన రాడ్‌ను వేళ్లతోని పట్టుకోకుండ, నిలువు రాడ్ చుట్టూ మోచెయ్యి మడత వేసి నిలబడండి.

మందుల దగ్గర తప్పు చెయ్యకండి

ఈ రోగానికి ఎక్కువ రాసేది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకునే గోళీ కాదు. పొరపాటున రోజూ వేసుకుంటే నోట్ల పుండ్లు పడ్తయి, రక్తకణాలు పడిపోతయి, ప్రాణం మీదికి వస్తది, ఇది భయపెట్టుడు కాదు, నిజంగ జరిగేదే. నాది మంగళవారం. గోడ క్యాలెండర్ మీద మంగళవారాలన్నీ ఎర్ర పెన్నుతోని గుండ్రం చుట్టిన, వేసుకున్నంక కొట్టేస్త, గోళీల స్ట్రిప్ మీద కూడ మార్కర్‌తోని మంగళవారం అని రాసిన, ఎందుకంటే నేను జ్వరంల పడుకుంటే మందులిచ్చేది మా బిడ్డ, దానికి కూడ తెలవాలె కదా. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన రోజులల్ల వేసుకోవాలె, దాంతోని వికారం, నోటి పుండ్లు తగ్గుతయి.

కొన్ని నెలలకోసారి రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు తప్పవు. కల్లు, మందు అలవాటుంటే డాక్టర్‌కు దాచిపెట్టకండి, లివర్ సంగతి అది. పిల్లలు కావాలనుకునేటోళ్లు ముందే చెప్పాలె, ఈ గోళీ కొన్ని నెలల ముందే ఆపాల్సి ఉంటది. జ్వరం, ఇన్ఫెక్షన్ వస్తే ఆ వారం వేసుకోవాల్నా వద్దా అని ఫోన్ చేసి అడగండి. ఇదే రోగానికి ఇచ్చే ఇంకో గోళీ హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకునేటోళ్లు కండ్ల డాక్టర్ దగ్గర రెటీనా పరీక్ష చేయించుకోవాలె. నొప్పి గోళీలు ఖాళీ కడుపున, నెలల తరబడి, మెడికల్ షాప్ల అడిగి కొనుక్కొని మింగుడు బంద్ పెట్టండి, కిడ్నీలు పాడైతయి.

తిండి గురించి అందరూ ఏదో ఒకటి చెప్తరు, వంకాయ వద్దు చింతపండు వద్దు గోంగూర వద్దు అని. మీకు ఏదన్న తింటే పడదని గట్టిగ అనిపిస్తే మానుకోండి, అంతే గానీ అన్నీ మానుకొని ఒంట్లో బలం లేకుండ చేసుకోకండి. బీడీ, సిగరెట్ మాత్రం నిజంగ ఈ రోగాన్ని పెంచుతది.

పొద్దుగాల గంట

లేవంగనే పని మీద పడొద్దు. నేను పని మొదలుపెట్టాల్సిన టైం కంటే గంట ముందు లేస్త. స్నానానికి పోసుకునేంత వేడి నీళ్లు టబ్బుల పోసి పది నిమిషాలు చేతులు ముంచి, నీళ్లల్లనే వేళ్లు కదిలిస్త. తర్వాత ఐదు రకాల మడతలు, ఒక్కోటి ఐదారు సార్లు: వేళ్లు నిటారుగ, తర్వాత కొక్కెం లెక్క పై కణుపులు మాత్రమే వంచి, తర్వాత పూర్తి పిడికిలి, తర్వాత వేళ్లు నిటారుగనే ఉంచి మొదటి కణుపు దగ్గర మాత్రం వంచి, చివరికి గోళ్లు లోపలికి పోకుండ చదును పిడికిలి. గట్టిగ బిగించొద్దు, మెత్తగ.

కీలు ఎర్రగ, వేడిగ, ఉబ్బి ఉన్న రోజు వేడి నీళ్లు పెట్టకండి, బట్టల ఐస్ చుట్టి పది నిమిషాలు పెట్టండి. బిగుసుకుంటే వేడి, వాచి మండితే చల్లదనం, ఇంతే గుర్తు పెట్టుకోండి.

పని చేసుకునే తీరు

ఫిజియో మేడం నేర్పిన లెక్క ఒకటుంది, నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఏ పనైనా చేసినంక నొప్పి రెండు గంటలు దాటి కూడ ఉంటే, ఆ పని మీ చేతికి ఎక్కువైనట్టు. రేపు దాన్ని సగం చెయ్యండి. నొప్పి వస్తుందా రాదా అని చూడొద్దు, ఎంతసేపు ఉంటుంది అని చూడాలె.

రెండో సంగతి, చిన్న కీలు చేసే పని పెద్ద కీలుకు ఇవ్వాలె. కూరగాయల సంచి వేళ్లకు కాదు, మోచేతి మడతకు లేకుంటే భుజానికి. గిన్నె ఒక్క చెయ్యితో చెవి పట్టి దించుడు కాదు, రెండు అరచేతుల మీద, మసిబట్టతోని. తలుపు వేళ్లతోని కాదు, భుజంతోని నూకాలె. బట్టలు పిండేటప్పుడు మెలిపెట్టకండి, నల్లా చుట్టూ వేసి రెండు కొసలు కలిపి ఒత్తుకుంట లాగండి. డబ్బా మూత రాకుంటే కింద తడి బట్ట పెట్టి, మూత మీద అరచెయ్యి ఆనించి ఒంటి బరువుతోని తిప్పండి. సన్నని పిడికి, పెన్నుకు, చెంచాకు పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి, లావుగుంటే వేళ్లు తక్కువ బిగుస్తయి. ఆఫీసు పని చేసేటోళ్లు ఫోన్‌ల తెలుగు వాయిస్ టైపింగ్ అలవాటు చేసుకోండి, నేను ఇది సగం అట్లనే రాస్తున్న.

కుట్టు పని గురించి కొంచెం ఎక్కువ చెప్త, నాకు తెలిసింది అదే. అన్నిటికంటే చేతులను తినేది మిషన్ కాదు, కత్తెర. 10 అంగుళాల ఇనుప కత్తెరతోని నాలుగు లైనింగులు ఒక్కసారే కట్ చేసేటప్పుడు బొటనవేలు మొదట్ల పడే బరువు ఎంతో ఆ పని చేసేటోళ్లకే తెలుసు. నేను చేసిన మార్పులు: ఒక్కసారి రెండు మడతల కంటే ఎక్కువ కొయ్య, కరెంటు కటింగ్ మిషన్ చిన్నది కొనుక్కున్న, కత్తెర వాడితే స్ప్రింగ్ ఉన్నదే, దానంతట అదే తెరుచుకుంటది. కటింగ్ టేబుల్ నడుము ఎత్తుకు పెంచిన. మిషన్‌కు మోటార్ పెట్టించిన, చక్రం చెయ్యితో తిప్పుడు తగ్గింది. గుండుసూదులకు అయస్కాంతం గిన్నె, దారం ఎక్కించేదానికి త్రెడర్. బరువు ఇస్త్రీ పెట్టె ఇచ్చేసి తేలికది తెచ్చుకున్న.

హుక్కులు, కాజాలు, పీకో పక్క గల్లీ అమ్మాయికి ఇస్త. జాకెట్‌కు ఇంత అని ఇస్త కాబట్టి నాకు మిగిలేది తగ్గింది, అది నిజమే. కానీ హుక్కు కుట్టేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు కొసలతోని సూదిని గట్టిగ పట్టుకునే ఆ పట్టే మా చేతులకు శత్రువు. కటింగ్ పొద్దుగాల కొంత, మిషన్ మీద కొంత, లెక్కలు, ఫోన్లు మధ్యల, ఇట్ల మార్చి మార్చి చేస్త. ఫోన్‌ల 25 నిమిషాలకు అలారం, మోగితే చెయ్యి ఒళ్లో పెట్టి ఐదు నిమిషాలు ఖాళీగ ఉంట. ఇంకో రెండు కుట్లే ఉన్నయి అనిపిస్తది, అప్పుడే లేవాలె.

కస్టమర్లకు ముందే చెప్పండి. నాకు చేతుల రోగం ఉంది, పది రోజులు టైం కావాలె, రేపటికి అంటే కుదరదు అని. నేను చెప్పడానికి ఆరేండ్లు సిగ్గుపడ్డ. చెప్పినంక పోయినోళ్లు కొందరు పోయిన్రు, ఉన్నోళ్లు నిలబడ్డరు, శ్రావణ మాసానికి ఆషాఢంలనే బట్టలు తెచ్చి ఇస్తున్నరు ఇప్పుడు.

ఇంట్లో కూడ అంతే, పని పంచుకోవాలె. సంక్రాంతికి సకినాలు చేసేటప్పుడు పిండి తడిపి పిసికేది మా ఆయన, చుట్టేది మా వదినె, బిడ్డ. వేళ్ల మధ్యల పిండిని మెలిపెట్టుకుంట గుండ్రంగ పోవుడు మా చేతులకు అస్సలు పడదు, అదే నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, అయినా ఇచ్చేసిన. నేను నువ్వులు, ఓమ చూసి కలిపించి, నూనె దగ్గర కూసుంట.

ఆపరేషన్‌కు పోయే ముందు

చేతి ఆపరేషన్లు చాన రకాలు: టెండన్ కలుపుడు, పాడైన పొర తీసేసుడు, మణికట్టు కదలకుండ బిగించుడు, వేళ్ల కణుపులకు సిలికాన్ కీళ్లు వేసుడు. నాది టెండన్ మార్చుడు. చూపుడు వేలును లేపడానికి మనకు రెండు టెండన్లు ఉంటయి, అందుల ఒకటి తీసి పడిపోయిన వేళ్లకు కలిపిన్రు, రాసుకుంటున్న ఎముక తల తీసేసిన్రు. మీది ఏదైతే దాని టైం దానికి ఉంటది, కింద నేను చెప్పే వారాలు నావి, మీ సర్జన్, మీ థెరపిస్ట్ చెప్పిందే మీకు లెక్క.

ఒక ప్రశ్న ముందే అడగండి: ఆపరేషన్ అయినంక చేతికి థెరపీ ఎవరు చేయిస్తరు, ఎన్నిసార్లు రావాలె? దీనికి సరిగ్గ సమాధానం దొరికినంకనే డేట్ తీసుకోండి. సర్జన్ చేసేది సగమే, మిగతా సగం మూడు నెలలు మనం ఇంట్లో చేసేది.

వాడే మందులన్నీ రాసి పట్టుకపోండి. మెథోట్రెక్సేట్ నాకు ఆపొద్దన్నరు, ఈ రోగానికే ఇచ్చే బయోలాజిక్ అనే సూదులు తీసుకునేటోళ్లకు మాత్రం మామూలుగ కొన్నాళ్లు గ్యాప్ ఇస్తరు, స్టెరాయిడ్ వాడుతుంటే మత్తు డాక్టర్‌కు తప్పక చెప్పాలె. గాజులు, ఉంగరాలు ముందు రోజే తియ్యండి, వాచిన చేతికి గాజులు రాకుంటే సబ్బు నీళ్లతోని నెమ్మదిగ, రాకుంటే పగలగొట్టాలె, ఆ చివరి గంటల ఏడ్చుకుంట తీసుకునేది కాదు అది. గోళ్ల రంగు తియ్యండి.

ఆపరేషన్ నా లెక్క కుడి చెయ్యికైతే వారం ముందు నుంచే ఎడమ చెయ్యితో అన్నం తినుడు, పళ్లు తోముకునుడు, ఒక్క చెయ్యితో కడుక్కునుడు ప్రాక్టీస్ చెయ్యండి. బాత్రూంల జెట్ స్ప్రే ఆ చెయ్యికి అందే దిక్కు పెట్టించండి. ముందు గుండీలున్న వదులు నైటీలు నాలుగు, చేతులు వెడల్పుగ ఉండేటివి. చెయ్యి కప్పేదానికి పెద్ద ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు. నీళ్ల బిందె బదులు చిన్న జగ్గు. ఫంక్షన్ల ఎడమ చెయ్యితో తింటే చూస్తరు, చూడనియ్యండి, చెంచా అడిగి తీసుకోండి.

రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ గురించి హాస్పిటల్‌ల ఆరోగ్యమిత్రను అడగండి, కుటుంబానికి ఏడాదికి పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, మీ ఆపరేషన్ అందుల వస్తదా రాదా అని అడ్మిట్ కాకముందే తేల్చుకోవాలె.

మొదటి రెండు వారాలు

చంక దగ్గర మత్తు సూది ఇచ్చి చేసిన్రు నాకు. ఆ తిమ్మిరి మరునాటి దాక ఉండె, చెయ్యి నాదే కాదన్నట్టు. ఆ టైంల పొయ్యి దగ్గరికి, వేడి గిన్నెల దగ్గరికి పోకండి, కాలినా తెలవది. తిమ్మిరి పోకముందే డాక్టర్ చెప్పిన నొప్పి గోళీ వేసుకోండి, ఒక్కసారే వచ్చే నొప్పిని ఆపుడు కష్టం.

చెయ్యి గుండె కంటే పైన ఉండాలె, పగలు రాత్రి. పడుకుంటే పక్కన రెండు మెత్తలు వేసి దాని మీద, కూసుంటే ఎదురు రొమ్ము మీద కాదు, భుజం ఎత్తుకు. వాపు ఎంత తగ్గితే వేళ్లు అంత మంచిగ వస్తయి. కట్టు బయట ఉన్న వేళ్లను డాక్టర్ వద్దన్నవి తప్ప మిగతావి కదిలించండి, మోచెయ్యి, భుజం గంటకోసారి పది సార్లు పూర్తిగ లేపండి. భుజం బిగుసుకుంటే అదొక కొత్త రోగం.

కట్టు తడవొద్దు. వేళ్ల కొసలు నీలం పడితే, తెల్లబడితే, తిమ్మిరి పోకుంటే, జ్వరం వస్తే, వాసన, చీము, నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగితే రేపు పోదాం అనుకోవద్దు, రాత్రైనా సరే పోవాలె. మా మందులతోని ఇన్ఫెక్షన్ తొందరగ పెరగొచ్చు, పుండు మానుడు కొంచెం లేటు, కుట్లు రెండు వారాలకు తీసిన్రు నాకు.

చెయ్యిని మళ్ల పని నేర్పుడు

నాలుగో వారంల స్ప్లింట్, అంటే చెయ్యి కదలకుండ పెట్టే గట్టి పట్టీ, విప్పి ఫిజియో మేడం ముందట కూసున్న. చెయ్యి బక్కగ, పొట్టు లేచి, ఎవరిదో లెక్క ఉంది. చిటికెన వేలు లేపమ్మా అన్నది. ఎంత చూసినా లేస్తలేదు. ఆపరేషన్ ఫెయిల్ అయిందని కండ్లల్ల నీళ్లు తిరిగినయి నాకు. అప్పుడు మేడం అన్నది, నువ్వు చిటికెన వేలు గురించి ఆలోచించకు, చూపుడు వేలుతోని నాకు ఆ ఫ్యాన్ చూపెట్టు అని. ఫ్యాన్ చూపెడదామని చూపుడు వేలు చాపిన, దాంతోని కలిసి చిటికెన వేలు, ఉంగరపు వేలు నెమ్మదిగ వణుక్కుంట లేచినయి. లేపే తాడు ఇప్పుడు చూపుడు వేలుది కదా, మెదడుకు పాత పేరే తెలుసు, కొత్త పేరు నేర్పాలె. మూడు వారాలు ఇంట్లో కనబడ్డదాన్నల్లా చూపెట్టిన, గడియారం, తులసి కోట, గేటు. మెల్లగ ఒకరోజు ఏం అనుకోకుండనే లేచింది వేలు. మీకు టెండన్ మార్చిన్రంటే ఏ వేలుది తెచ్చి ఏ వేలుకు కలిపిన్రో అడిగి తెలుసుకోండి, ఆ వేలుతోని మొదలుపెట్టండి.

ఎక్సర్‌సైజ్ కొంచెంకొంచెం, ఎక్కువసార్లు. ఒక్కసారే అరగంట చేసే బదులు పగలు రెండు గంటలకోసారి ఐదు నిమిషాలు. అయినంక స్ప్లింట్ మళ్ల పెట్టాలె, నిద్రల తప్పక. లాగినట్టు అనిపిస్తే మంచిదే, సూదితో పొడిచినట్టు అయితే ఆపాలె, రెండు గంటల లెక్క ఇక్కడ కూడ పని చేస్తది. గాయం పూర్తిగ మూసుకున్నంక మచ్చ మీద కొబ్బరి నూనె రాసి బొటనవేలుతోని గుండ్రంగ ఒత్తుకుంట ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు, లేకుంటే మచ్చ కింద టెండన్ అతుక్కుంటది.

నేను చేసిన తప్పు ఐదో వారంల. ఇంట్లో ఎవరూ లేరు, కుక్కర్ దించి ఆవిరి పోయింది, స్ప్లింట్ తీసి ఉంది, ఆగలేక కుక్కర్ మూత కుడి చెయ్యితో తిప్పిన. మణికట్టు లోపల కళుక్కుమంది. తెగిందేమో అని ఆ రాత్రి నిద్ర పట్టలే. తెగలేదు, కానీ వాచి వారం రోజుల ఎక్సర్‌సైజ్ వెనక్కి పోయింది. అప్పటికి నాకు నొప్పి దాదాపు లేదు, అందుకే చేసిన ఆ పని. లోపల కలిపిన జాగ గట్టిపడడానికి దానికి కావాల్సిన వారాలు దానికి ఇవ్వాలె. ఆరేడు వారాల దాక చెంచా, దువ్వెన, బట్టలు మడత పెట్టుడు, ఇంతవరకే. బకెట్, కుక్కర్, స్కూటీ యాక్సిలేటర్, రోలు పన్నెండు వారాల దాక ముట్టొద్దన్నరు, అది కూడ డాక్టర్ చూసి సరే అన్నంకనే.

మళ్ల పనిల కూసున్నప్పుడు

పదమూడో వారం మొదటి రోజు ఒక్క జాకెట్. కాటన్, లైనింగ్ లేనిది, మా వదినెదే, తొందర లేనిది. పొద్దున కట్ చేసి సాయంత్రం దాక ముట్టలే. మరునాడు కుట్టిన. ఆ వారం మొత్తం రెండే. రెండు గంటల లెక్క చూసుకుంట వారానికి ఒకటి చొప్పున పెంచిన, ఆరు నెలలకు మునుపటి పనిల మూడొంతులల్ల రెండొంతులు వచ్చింది, అక్కడ ఆపేసిన. అప్పు తీర్చాలె, కిరాయి కట్టాలె అని ఒక్కసారే మీద వేసుకోకండి. ఆపరేషన్‌కు ముందే మూడు నెలల కిరాయి, మిత్తి పక్కకు పెట్టుకుంటే ఈ తొందర ఉండది, నేను చీటీ ముందే ఎత్తుకున్న.

చెయ్యి పట్టు బాగ తగ్గి పని చేసుకోలేనోళ్లు వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌కు మీసేవల స్లాట్ పెట్టుకోండి, ఇప్పుడు యూడీఐడీ కార్డు అంటున్నరు. 40 శాతం, ఆ పైన వస్తేనే సర్కారు స్కీములకు లెక్కల పట్టుకుంటరు. పోయేటప్పుడు ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాయితాలు, రక్త పరీక్షలు అన్నీ తీసుకపోండి. అక్కడ బలవంతంగ పిడికిలి పట్టి చూపెట్టాలని చూడకండి, రోజూ ఎట్ల ఉంటదో అట్లనే చూపెట్టండి.

ఇంకొకటి, రెండో చెయ్యి. కుడి చెయ్యి కట్టుల ఉన్న మూడు నెలలు పని అంతా ఎడమ చెయ్యే చేసింది, దానికి కూడ అదే రోగం. ఇప్పుడు ప్రతి నెల ఒకటో తారీఖు, క్యాలెండర్ పేజీ తిప్పినప్పుడు, మంగళవారాలకు గుండ్రాలు చుట్టే ముందు, రెండు చేతులు ముందుకు చాపి వేళ్లు చూసుకుంట. మణికట్టు వెనక చిటికెన వేలు దిక్కు ఉన్న ఎముకను నొక్కి, పియానో మెట్టు లెక్క లోపలికి పోయి మళ్ల లేస్తుందా చూస్త. నాకు ఎడమ చెయ్యిల కొంచెం లేస్తుంది. పోయిన నెల చూపెట్టుకున్న, ఫోటో తీసి పెట్టుకున్నరు, ఆరు నెలలకు మళ్ల రమ్మన్నరు, రాత్రి స్ప్లింట్ ఇచ్చిన్రు. వేళ్లు మాత్రం ఐదూ నిటారుగ ఉన్నయి.